మంగళవారం మూట

ఐస్ ఫ్యాక్టరీ మీద గది.
కింద మంచు నలిగే చప్పుడు, పైన నా సర్వర్ ఫ్యాన్ చప్పుడు,
చేపల వాసన మాత్రం రెండింటికీ ఉమ్మడి.

ఇక్కడ నేను భయపడేది ఉప్పుకి.
డాల్ఫిన్ నోస్ చుట్టి వచ్చే గాలి
కిటికీ సందులోంచి దూరి
పోర్టుల పళ్ళకి పచ్చగా చిలుము పట్టిస్తుంది.
నెలకోసారి టూత్‌బ్రష్‌తో తోముతాను.
పసిపాప నోరు కడిగినట్టు అనబోయాను గానీ
అంత ముద్దుగా ఏం ఉండదు, తిట్టుకుంటూ తోముతాను.

నూట డెబ్భై బోట్ల సంఘం మాది.
ఏ బోటు ఎప్పుడు రేవు దాటింది,
ఎవరెవరు ఎక్కారు, ఎంత డీజిలు, ఎన్ని దిమ్మల మంచు,
కోనం కిలో ఎంత పలికింది,
అంతా ఒకే తెర మీద. అందరూ రాసేదే, అందరూ చూసేదే.
రాత్రి రెండుంపావుకి
అదంతా మూట కట్టుకుని
మధురవాడ కొండ మీది ఇంకో యంత్రానికి పోతుంది.
ముప్పై మూటలుంటాయక్కడ.
ముప్పై ఒకటోది రాగానే అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది.
ఆ అంకె నేనే రాశాను,
చేరిన మొదటి వారంలో, టీ తాగుతూ.

అరిజిల్లి మసేను, బోటు డ్రైవరు.
లాగిన్ నేర్పడానికి పదకొండు రోజులు పట్టింది.
పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడల్లా మెట్లెక్కి వచ్చేవాడు:
"గుంటా, తాళం పోనాది, ఇంకోటి ఇచ్చీ."
ఓసారి అడిగాడు,
"ఈ పెట్టి ములిగిపోతే ఏటి సేస్తావు?"
కొండ మీద ఇలాంటిదే ఇంకోటుందని చెప్పాను.
"మా బోటుకీ అలాటిదోటి సూడు" అని
నవ్వుకుంటూ దిగిపోయాడు.

వేట నిషేధం ఎత్తేసిన మూడో వారం, బుధవారం పొద్దున,
మంచు దిమ్మలు జారే రేకు పక్కన కూలబడ్డాడు.
ముప్పై ఏళ్ళు సముద్రం ఏమీ చెయ్యలేదు.
గుండె, అన్నారు కేజీహెచ్‌లో.
సాయంత్రం సెక్రటరీ వరహాలు గారు చీటీ పంపారు:
'మసేను పేరు తీసెయ్యండి.'
ఖచ్చితంగా తొలగించాలా అని తెర అడిగింది.
అది ఎవరి గురించైనా అలాగే అడుగుతుంది.
తీసేశాను.

ఆ రాత్రే రోడ్డు తవ్వేవాళ్ళు కేబుల్ తెంపారు.
బుధ, గురు, శుక్ర, మూటలు కొండెక్కలేదు.
శనివారం పిడుగు. యూపీఎస్ ఒక్క కూత కూసి ఊరుకుంది.
డిస్కు లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు.

హనుమంతవాక దగ్గర మోకాలి లోతు నీళ్ళు.
స్కూటీ సీటు కింద, మూడు కవర్లలో చుట్టి,
ఉన్నవాటిలో ఆఖరి మూటని తెచ్చాను.
తెల్లవారుజాము నాలుగింటికి
ఒక్కొక్క ఫైలూ లేచి కూర్చుంది.
బోట్లు లేచాయి. డీజిలు బాకీలు లేచాయి.
మంగళవారం రాత్రి రెండుంపావు మళ్ళీ వచ్చింది.
అందులో మసేను,
రేపటి ట్రిప్పు జాబితాలో రెండో పేరు.
కింద అతని మాటలు, అతని తప్పులతోనే:
'కొండగాలి ఉంది. తెల్లారి పోతాం.
నూకాలుకి నలబై ఇవాల'

ఏడింటికి దిగి టీ బండి నూకాలుని అడిగాను.
"నలభై కాదమ్మా, నాలుగొందలు" అంది.
ఇచ్చాను.

ఎనిమిదింటికి జాబితా పోర్టుకి పోవాలి.
లేని మనిషి పేరుతో బోటు రేవు దాటకూడదు.
ఖచ్చితంగా తొలగించాలా?
మొదటిసారి చదివానో లేదో గానీ
ఈసారి ఆ ప్రశ్న పూర్తిగా చదివాను.
చదివి, నొక్కాను.

కేబుల్ అతికారు. మూటలు మళ్ళీ కొండెక్కుతున్నాయి.
ఈ రాత్రి చెరిగిపోయే వంతు ఆ మంగళవారానిది.

స్క్రిప్టు తెరిచాను.
ముప్పై ఉన్నచోట ముప్పై ఒకటి అని కొట్టాను.
రేపు ముప్పై రెండు కొడతాను.
ఎల్లుండి సంగతి డిస్కులో చోటుని బట్టి.
మార్పుకి కారణం రాయమనే గడిలో
ఉప్పుగాలి, అని రాశాను.